మన చేపను పరాయి చేపలా చూడటం

పోటీకి పేరు ఇచ్చే ముందు, మీ దగ్గరున్న ఫైటర్ చేపల్లో మీకు బాగా ముద్దొచ్చేది ఏదో గుర్తుపట్టండి. ఈ అధ్యాయం చదవడం పూర్తయ్యే దాకా దాన్ని లెక్కలోంచి తీసేయండి. అదెందుకు ముద్దొస్తుందో కాస్త ఆలోచిస్తే మీకే తెలుస్తుంది. మీరు గదిలోకి రాగానే అద్దం దగ్గరికి ఉరికొస్తుంది. వేలు చూపిస్తే మొప్పలు విప్పి బెదిరిస్తుంది. మొదటి బ్యాచ్‌లో బతికి బట్టకట్టింది అదొక్కటే కావచ్చు. ఇవేవీ జడ్జీ బల్ల దాకా రావు. అక్కడికి వెళ్ళేది ఒక జార్, దాని మీద ఒక నంబరు, లోపల ఒక చేప, అంతే.

చేపలు పెంచడంలో ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా తడబడేది ఇక్కడే. నీళ్ళు మార్చడం వచ్చు, పిల్లలను బతికించడం వచ్చు, రోగం కనిపెట్టడం వచ్చు. తమ చేతుల్లో పెరిగిన చేపలో తప్పు చూడటం మాత్రం రాదు. అది పుట్టుకతో వచ్చే విద్య కాదు గానీ సాధన చేస్తే పట్టుబడుతుంది.

అందాల చేపల పోటీలు చాలా రకాలు. జపాన్‌లో రాంచూ అనే వీపురెక్క లేని గోల్డ్‌ఫిష్‌ను తెల్లటి బేసిన్‌లో వేసి పైనుంచి చూస్తారు. పక్కనుంచి అది ఎంత బాగున్నా ఎవరికీ పట్టదు. కోయి చేపలనూ పైనుంచే చూస్తారు, నీలం రంగు తొట్లలో పెట్టి. 2017లో అఖిల జపాన్ పోటీలో అగ్రస్థానం గెలిచిన కోహాకు చేప మరుసటి ఏడాది వేలంలో 20.3 కోట్ల యెన్లు పలికింది. యూరప్ గప్పీ పోటీల్లో తోక ఆకారాలే 12 రకాలు, ఒక్కోదానికి ఒక్కో కొలత. ఇన్నింటిలో నేను ఫైటర్‌నే ఎంచుకోవడానికి కారణం ఉంది. మన దగ్గర చాలామందికి చేపల పిచ్చి మొదలయ్యేది ఒక ఫైటర్‌తోనే. గాలి పంపు లేకపోయినా బతుకుతుంది, నీటిపైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగలదు. (అలాగని గాజు గ్లాసులో పెట్టి అలమారాలో వదిలేసేవాళ్ళ కోసం రాసిన పుస్తకం కాదిది.)

దీని పుట్టిల్లు థాయ్‌లాండ్, ఆ చుట్టుపక్కల దేశాలు. 1840 ప్రాంతంలో సయాం రాజు దగ్గరున్న చేపలు కొన్ని థియోడర్ కాంటర్ అనే డాక్టరు చేతికి చేరాయి. ఆయన కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న డెన్మార్క్ దేశస్థుడు. బెట్టా స్ప్లెండెన్స్ అనే శాస్త్రీయ నామం 1910లో వచ్చింది. 2019లో థాయ్ ప్రభుత్వం దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. థాయ్ పల్లెల్లో తరతరాలుగా దీన్ని పెంచింది పందేల కోసమే. ఈ మచ్చిక కనీసం వెయ్యేళ్ళ నాటిదని 2022లో అచ్చయిన ఒక జన్యు అధ్యయనం అంచనా వేసింది.

పందెంలో ఏది గెలిచిందో చెప్పడానికి జడ్జీ అక్కర్లేదు. అందం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏది అందమో ఎవరో ఒకరు ముందే రాసిపెట్టాలి. 1966లో అమెరికాలో మొదలైన ఇంటర్నేషనల్ బెట్టా కాంగ్రెస్ ఆ పని చేసింది. దాని ప్రమాణాలనే ఇవాళ చాలా దేశాల పోటీలు పూర్తిగానో కొంత మార్చుకునో వాడుతున్నాయి. ఇక మన చుట్టుపక్కల ఎవరైనా రెండు మగ చేపలను ఒకే జార్‌లో వేసి తమాషా చూపిస్తానంటే అక్కడ నిలబడకండి. జంతువులను పోరుకు ఉసిగొల్పడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం.

ముందు ప్రమాణం, తర్వాత చేప

మన ఊళ్ళలో అక్వేరియం దుకాణాల్లో ఎక్కువగా దొరికేది తోక కిందికి వాలి పరికిణీ కుచ్చిళ్ళలా వేలాడే రకం. దాన్ని వెయిల్‌టెయిల్ అంటారు. చూడముచ్చటగానే ఉంటుంది. ఒకప్పుడు అందానికి అదే కొలమానం కూడా. ఇప్పటి పోటీల్లో చాలాచోట్ల దానికి తరగతే లేదు. ప్రమాణం చదవకుండా చేపను కొన్నవాడికి ఈ సంగతి పోటీ రోజున తెలుస్తుంది. చదివి కొన్నవాడికి దుకాణంలోనే తెలుస్తుంది.

ఇప్పుడు పెద్దపీట హాఫ్‌మూన్‌ది. పూర్తిగా విప్పినప్పుడు తోక అర్ధచంద్రంలా 180 డిగ్రీలు పరుచుకోవాలి. అంచులు గీత గీసినట్టు తిన్నగా, మూలలు వాడిగా ఉండాలి. అంతకంటే తక్కువ విప్పుకుంటే సూపర్ డెల్టా, ఇంకా తక్కువైతే డెల్టా. పొట్టి రెక్కలది ప్లాకాట్. ఇండోనేషియాలో పుట్టిన క్రౌన్‌టెయిల్‌లో రెక్కల పొర వెనక్కి తగ్గి, పుల్లలు ముళ్ళలా బయటికి పొడుచుకొస్తాయి. ఆ తగ్గుదల పుల్ల పొడవులో కనీసం 33 శాతం ఉండాలి. రెండు లోబులుగా చీలిన తోకది డబుల్‌టెయిల్.

ఆకారం తేలాక రంగు. ఈ వర్గీకరణ గోదావరి జిల్లాలవాళ్ళకు కొత్తగా అనిపించదు. పుంజు కంటపడగానే కాకి, డేగ, నెమలి, సేతువ, పర్ల అని ఈకను బట్టి చెప్పేసే అలవాటు అక్కడ చిన్నపిల్లలకూ ఉంది. ఫైటర్లలో ఒళ్ళూ రెక్కలూ ఒకే రంగైతే సాలిడ్. ఒళ్ళు ఒక రంగు, రెక్కలు ఇంకో రంగైతే బైకలర్. లేత ఒంటికి ఎర్ర రెక్కలుంటే కంబోడియన్. రెక్కలో మొదటి సగం ఒక రంగు, బయటి సగం ఇంకో రంగు, మధ్యలో కత్తిరించినట్టు హద్దు ఉంటే బటర్‌ఫ్లై. మచ్చలు మచ్చలుగా ఉంటే మార్బుల్. తరగతి తప్పుగా రాసిన మంచి చేప, తరగతి సరిగ్గా రాసిన మామూలు చేప చేతిలో ఓడిపోతుంది. మార్బుల్‌తో ఇంకో చిక్కు ఉంది. దాని రంగు బతికినంత కాలం మారుతూనే ఉంటుంది. దరఖాస్తు నింపిన రోజున బటర్‌ఫ్లైలా ఉన్నది నెల తిరిగేసరికి ఇంకేదో అయిపోవచ్చు. బయల్దేరే ముందు రోజు ఇంకోసారి చూసుకోండి.

జార్ ముందు నిలబడి

మీ చేపల్లో ఒక నీలం హాఫ్‌మూన్ మగచేపను తీసుకుని ఈ పని మొదలుపెట్టండి. జార్‌కు చేతి పొడవు దూరంలో కూర్చోండి. దగ్గరికి వెళ్ళకండి, దగ్గరికి వెళితే పొలుసుల మెరుపు మిమ్మల్ని లాగేస్తుంది. పక్క జార్‌కు అడ్డంగా పెట్టిన అట్టముక్క తీసేయండి. చేప ఎదుటి మగచేపను చూసి రెక్కలన్నీ విప్పుతుంది. ఆ క్షణంలో వీపురెక్క, తోక, పొట్టకింది పొడవాటి రెక్క మూడూ కలిసి ఒకదాని అంచు మీదికి ఒకటి వచ్చి ఇంచుమించు ఒక వృత్తం అయ్యాయా? లేక తోకకూ కింది రెక్కకూ మధ్య సందు మిగిలిందా? మొట్టమొదట చూడాల్సింది ఈ మొత్తం రూపాన్ని. మొదలుపెట్టినవాళ్ళు దీన్ని వదిలేసి నేరుగా తోక దగ్గరికి పోతారు.

తర్వాత తోక. కంటితో 180 డిగ్రీలు అంచనా వేయబోతే మమకారం పదో పదిహేనో డిగ్రీలు కలిపేస్తుంది. ఫోన్‌తో సరిగ్గా పక్కనుంచి ఫొటో తీసి, పై అంచు వెంట ఒక గీత, కింది అంచు వెంట ఇంకో గీత గీసి, పిల్లల జామెట్రీ బాక్సులోని కోణమానిని పెట్టండి. 170 వస్తే అది సూపర్ డెల్టా, హాఫ్‌మూన్ బల్ల మీద దానికి మర్యాద దొరకదు. అదే ఫొటోలో తోకను మధ్యగీత దగ్గర మడిచినట్టు ఊహించుకోండి. పైభాగం, కిందిభాగం ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటున్నాయా? చాలా చేపల్లో కిందిభాగమే బరువుగా ఉంటుంది.

ఇప్పుడు ముక్కు నుంచి వీపురెక్క మొదలయ్యే దాకా ఉన్న గీతను చూడండి. అది ఒకే ఒంపుగా సాగాలి. నుదుటి మీద గరిటె గుంటలా నొక్కుకుపోయినా, వీపు మీద గూనిలా లేచినా తప్పే. వీపురెక్క ముందు పుల్లలు పొట్టిగా ఉండి రెక్క త్రికోణంలా కనిపిస్తోందా అని గమనించండి. కింది రెక్క ఒంటికి సమాంతరంగా సాగాలి, వెనక్కి పోనుపోను మొనదేలి జారిపోకూడదు. గడ్డం కింద వేలాడే రెండు సన్నటి రెక్కలు చాకు ఆకారంలో, ఒకే పొడవులో ఉండాలి. ఒకదానికొకటి పెనవేసుకోకూడదు. ఈ జంట రెక్కల దగ్గర పోయే మార్కులు ఇంట్లో ఎవరూ లెక్కవేసుకోరు. ఎందుకంటే ఇంట్లో ఎవరూ వాటిని చూడరు.

చివరగా టార్చి లైటు. గది లైట్లో నిప్పులా కనిపించిన ఎర్ర చేప మీదికి వాలుగా వెలుగు వేయండి. రెక్కల మొదట్లో ఆకుపచ్చ, నీలం తళుకు లేస్తే ఆ ఎరుపు స్వచ్ఛమైంది కాదు. ఎర్ర చేపలో ఆ తళుకు తప్పు. నీలం చేపలో రెక్కల మీద ఎర్ర జీర కూడా అంతే. మామూలు చూపరి రెండింటినీ చూసి అబ్బ, ఎన్ని రంగులో అంటాడు. చుట్టాలు మెచ్చుకున్న చేపకూ పోటీలో నెగ్గే చేపకూ మధ్య దూరం ఇక్కడే తెలిసిపోతుంది.

తప్పులన్నీ ఒక్క తూకం కావు. ప్రమాణాల్లో వాటిని తేలికవి, పెద్దవి, తీవ్రమైనవి, పూర్తిగా అనర్హత తెచ్చేవి అని వరసలు కట్టారు. రెక్క అంచున చిన్న చీలిక తేలికైనది, వారం పది రోజుల్లో పూడుకుంటుంది. వంకర వెన్ను, పోయిన కన్ను బల్ల దాకా కూడా రానివ్వవు. నేర్చుకునేవాళ్ళు ఈ తేడా మరిచి, చిన్న చీలికకు గుండెలు బాదుకుని నుదుటి గుంటను క్షమించేస్తుంటారు. చీలిక ఆ చేపది, నుదుటి గుంట దాని వంశానిది. పోటీ పెట్టింది మంచి వంశాలను గుర్తించడానికే కాబట్టి జడ్జీ రెండోదాని మీదే కఠినంగా ఉంటాడు.

ఒక మాట చెప్పక తప్పదు. రోజ్‌టెయిల్ అని తోక పుల్లలు అతిగా చీలి, గులాబీ రేకుల్లా మడతలు పడే చేపలు అమ్మకానికి వస్తున్నాయి. ఫొటోల్లో కళ్ళు చెదురుతాయి. జార్‌లో చూస్తే ఆ బరువుతో ఈదలేక అడుగున కూలబడి ఉంటాయి, విసుగొచ్చి సొంత తోకనే కొరుక్కుంటాయి. ప్రమాణాలు ఆ అతిని తప్పుగా లెక్కిస్తాయి, నేనైతే ఇంకా కఠినంగా లెక్కించాలంటాను. మోయలేని అందాన్ని మోయించడం పెంపకం అనిపించుకోదు.

ఈ చూపును ఒంటరిగా సాధన చేయడం కష్టం. నలుగురు పెంపకందార్లు ఒక ఆదివారం ఎవరింట్లోనైనా చేరండి. తలా నాలుగైదు జార్లు తెచ్చి, ఆటలో లేని ఇంకొకరి చేత వాటి మీద నంబర్లు వేయించి, వరసలు కలిపించండి. ఎవరి చేప ఏదో పైకి చెప్పొద్దు. ప్రతి ఒక్కరూ ప్రతి చేపకూ ముందు రెండు తప్పులు, ఆ తర్వాతే ఒక గుణం రాయాలి. "బాగుంది", "సూపర్" అన్న మాటలు ఆ కాగితం మీద నిషిద్ధం. "వీపురెక్క ముందు పుల్లలు పొట్టి" అని రాయగలిగినవాడికి చేప కనిపించినట్టు. మీ చేపను మీరు గుర్తుపట్టేస్తారు, అందులో అనుమానం లేదు. అయినా మీరు రాసిన తప్పులు, మిగతా ముగ్గురు రాసిన తప్పులు పక్కపక్కన పెట్టి చూడండి. ముగ్గురికీ కనిపించి మీకు కనిపించనిది ఏదైతే ఉందో, మీ కన్ను ఎక్కడ మూసుకుంటుందో అదే చెబుతుంది. మరుసటి ఆదివారం మొదట అక్కడే చూడండి. పెద్ద పోటీల్లో సాధారణంగా తాను చేపను పెట్టిన తరగతికి జడ్జీని తీర్పు చెప్పనివ్వరు. శిక్షణ పొందిన కన్నుకే ఆ జాగ్రత్త కావాల్సి వచ్చినప్పుడు మన సంగతి చెప్పాలా?

ఆఖరి నెల

చేపను ఎంచుకున్నారు. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న మగచేప అయితే మంచిది. ఇక మిగిలింది దానికి ఉన్న అందం పోకుండా కాపాడటమే. ఈ నెలలో కొత్త అందం ఏదీ పుట్టుకురాదు.

నీళ్ళు శుభ్రంగా, 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ పోవడానికి యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి. బోరు నీళ్ళలో క్లోరిన్ ఉండదు గానీ మన ప్రాంతాల్లో చాలాచోట్ల అవి బాగా కఠినంగా ఉంటాయి. ఆర్‌వో నీళ్ళు కొంత కలిపి మెత్తబరచుకోవచ్చు, కానీ ఒక్కరోజులో మార్చేయకండి. వీధుల్లో నీడకు పెంచే బాదం చెట్టు ఉంది కదా, దాని ఎండుటాకు ఒకటి కడిగి జార్‌లో వేస్తే నీళ్ళు టీ రంగుకు తిరుగుతాయి. ఆకులోని టానిన్లు నీటిని కొంత ఆమ్లగుణానికి తెస్తాయి. థాయ్ పెంపకందార్లకు ఇది పాత అలవాటు. రోడ్డు పక్క పొగ, పురుగుమందు తగిలిన ఆకు మాత్రం వద్దు. బల్ల మీద జార్‌లో నీళ్ళు తేటగా కనిపించాలి కాబట్టి పోటీ దగ్గర పడ్డాక ఆకు మానేయండి.

తిండి కొద్దికొద్దిగా రెండు పూటలు చాలు. ఆర్టీమియా, మోయినా, దోమ లార్వాలు మంచివి. బొజ్జ ఉబ్బిన చేప ఒంటి గీత చెడిపోతుంది, జడ్జీ దాన్ని శరీర లోపంగానే రాసుకుంటాడు.

రెక్కలు విప్పడం కూడా వ్యాయామమే. రోజుకు ఒకటి రెండుసార్లు, కొద్ది నిమిషాలు మాత్రమే అద్దం చూపించండి. మిగతా సమయమంతా జార్ల మధ్య అట్టముక్కలు ఉండి తీరాలి. ఎప్పుడూ పక్కవాడు కనిపిస్తూ ఉంటే కొన్ని చేపలు అలిసిపోయి తోక కొరుక్కుంటాయి. ఇంకొన్ని అలవాటు పడిపోయి, అసలు రోజున జడ్జీ అట్ట తీసినా ఖాతరు చేయవు. విప్పని చేప ఎంత గొప్పదైనా దాని తోక కోణం ఎవరికీ తెలియదు, ఆ ఉదాసీనతకూ మార్కులు పోతాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నా సలహా ప్లాకాట్‌తో వెళ్ళమని. పొట్టి రెక్కలు ప్రయాణంలో చిరగవు, చేప హుషారుగా ఉంటుంది.

బయల్దేరే ముందు ఒక రోజు పస్తు ఉంచండి. సంచిలో నీళ్ళు మురికి కావు. ఒక్కో చేపకు ఒక్కో సంచి, నీళ్ళు తక్కువ, గాలి ఎక్కువ. మూలల్లో రెక్కలు ఇరుక్కోకుండా మూలలు కట్టేసి, రెండో సంచి తొడగండి. వేసవిలోనైనా చలికాలంలోనైనా థర్మోకోల్ పెట్టె తప్పనిసరి. కారు డిక్కీలో ఎండకు వదిలేస్తే అంతవరకూ పడ్డ కష్టమంతా గంటలో పోతుంది.

ఫలితాల పత్రం చేతికొచ్చాక

ఓడిపోయిన చేప యజమాని జడ్జీని అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "నా చేపలో ఏం తక్కువైంది సార్?" ఆ అడగడంలోనే గొడవ వాసన ఉంటుంది, జవాబు కూడా మొహమాటంగా వస్తుంది. దాని బదులు, "నా జార్ దగ్గరికి వచ్చినప్పుడు మీకు మొదట కనిపించిన తప్పు ఏది సార్?" అని అడిగి చూడండి. జడ్జీకి అది జ్ఞాపకం ఉంటుంది, చెప్పడం కూడా ఇష్టమే. తీర్పులన్నీ అయ్యాకే అడగండి, నడుమ కాదు. చెప్పింది చెప్పినట్టు పత్రం వెనక రాసుకోండి. వీలైతే గెలిచిన జార్ ముందు కూడా చేతి పొడవు దూరంలో నిలబడి, దాంట్లో రెండు తప్పులు, ఒక గుణం మనసులో రాయండి. దానికీ తప్పులుంటాయి.

ఇంటికి తెచ్చిన చేపను మిగతావాటితో కలపకండి. వందల జార్లున్న హాలు నుంచి వచ్చింది కాబట్టి రెండు వారాలు విడిగా, విడి వలతో, విడి మగ్గుతో ఉంచండి. ఈలోగా దానికి జోడీని వెతకండి. ఆడచేపను కూడా ఇదే కంటితో చూడాలి. మగచేప వీపురెక్క ముందు పుల్లలు పొట్టిగా ఉన్నాయని జడ్జీ చెబితే, వీపురెక్క వెడల్పుగా ఉన్న ఆడది కావాలి. ఇద్దరిలోనూ ఒకే తప్పు ఉంటే పిల్లల్లో అది దాదాపు ఖాయం. రంగుకు లెక్క ఇంకా స్పష్టంగా ఉంటుంది. రెండు రాయల్ బ్లూ చేపలను కలిపితే పిల్లల్లో సుమారు సగమే రాయల్ బ్లూ, పావు వంతు టర్కాయిజ్, పావు వంతు స్టీల్ బ్లూ వస్తాయి. టర్కాయిజ్‌నూ స్టీల్‌నూ కలిపితే పిల్లలన్నీ రాయల్ బ్లూనే. రాయల్ బ్లూ తరగతిలో గెలవాలనుకునేవాడు ఇంట్లో పెంచాల్సిన జంటలో ఒక్క రాయల్ బ్లూ కూడా ఉండనక్కర్లేదు. మెలానో నల్ల చేపలు పెంచాలనుకుంటే నల్ల ఆడదాని జోలికి వెళ్ళకండి, దాని గుడ్లు పొదగవు. నలుపు జన్యువు మోసే స్టీల్ బ్లూ ఆడచేపను సంపాదించండి.

గుడ్లు ఒకటి రెండు రోజుల్లో పొదుగుతాయి. ఆ తర్వాత రెండు మూడు రోజులకు పిల్లలు ఈదడం మొదలుపెట్టగానే తండ్రిని వేరు చేయండి. రెండు మూడు నెలలకు మగపిల్లలు కొట్లాట మొదలుపెడతాయి, అప్పుడు ఒక్కోదాన్ని ఒక్కో జార్‌లోకి మార్చాలి. అదే మీ మొదటి ఎంపిక కూడా. పాత ఫలితాల పత్రం పక్కన పెట్టుకుని కూర్చోండి. వెన్ను వంకర, నుదుటి గుంట, పెనవేసుకున్న గడ్డం రెక్కలు ఉన్నవాటిని పెంపకానికి వాడకుండా, ఇంట్లో చేపను పెంచుకుంటామనే వాళ్ళకు ఇచ్చేయండి. మిగిలినవాటికి పేర్లు పెట్టకండి, నంబర్లు వేయండి.